టెంకాయ మీది బొటనవేలు

పోయిన వారం తిరుపతి బస్టాండు ఎదుట ఒక అంగట్లో టెంకాయలు ఏరుతున్నాను. నా ఏరుడు చూసి విసుగెత్తిన అంగడి మనిషి తనే ఒక కాయ తీసి నా చెవి దగ్గర పెట్టి ఊపాడు. లోపల నీళ్లు చిప్పకు తగిలి వెనక్కు మళ్లాయి. బస్సుల హారన్ల మధ్య, కొండకు పోయేవాళ్ల గోవిందనామాల మధ్య ఆ చిన్న చప్పుడు నాకు స్పష్టంగా వినపడింది. నా కుడి అరచెయ్యి దానంతటదే వెల్లకిలా తెరుచుకుంది. అతను కాయను అందులో పెట్టాడు. నేను దాన్ని అడ్డంగా తిప్పి, కాసేపు అట్లాగే పట్టుకుని నిలబడ్డాను.

"ఏమ్మా, పూజకా, పచ్చడికా?" అన్నాడు.

"రెండిటికీ కాదప్పా."

"టెంకాయతో ఇంగేం జేస్తారు?"

"నీళ్లు చూస్తారు," అన్నాను. అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇరవై ఏళ్ల కిందట ఇట్లాంటి కాయే ఒకటి ఊరంతా చూస్తుండగా నన్ను తలదించుకునేలా చేసింది. ఆ కాయను పట్టుకున్న చెయ్యి గురవయ్య మామది. ఆయన పోయి మూడేళ్లయింది. ఆయనను ఎన్నడూ చూడనివాళ్లకు ఆయన ఎట్లాంటి మనిషో చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. నేను మరిచిపోయే మనిషిని కాను. మా ఊళ్లో నన్ను అర్జీల సుగుణమ్మ అంటారు. నా ఎదుట ఎవరూ అనరు గానీ, చాటున అనేవాళ్లు ఎవరెవరో నాకు తెలుసు. మా పెళ్లిలో మా నాయనకు ఆఖరి బంతిలో విస్తరి వేసిన మనిషి ఈ రోజుకీ మా గడప తొక్కితే నేను మంచినీళ్లు మాత్రమే ఇస్తాను, కాఫీ ఇవ్వను. ఇది మంచి గుణమని చెప్పడం లేదు. నా గుణం ఇదని చెబుతున్నాను. గురవయ్య మామ ఈ గుణాన్ని మార్చాలని చూడలేదు. దాన్ని ఒక పనికి కట్టాడు, ఎద్దును కాడికి కట్టినట్టు.

మా ఊరు వేపమాకులపల్లె. చిత్తూరుకూ పాకాలకూ మధ్య, రోడ్డు దిగి మూడు మైళ్లు లోపలికి పోవాలి. అరవై గడపలు ఉంటాయి. ఉత్తరాన గుట్ట ఉంది. గుట్ట కింద చిన్న కుంట, కుంట కింద మెట్టచేలు, వాటి కింద వరి పండే కయ్యలు, అన్నిటికన్నా కింద మునెమ్మ అవ్వ బావి. ఊరంతా గుట్ట నుంచి బావి దాకా వాలుగా ఉంటుంది. ఆ వాలులో మా చేను సరిగ్గా నడిమధ్యన, మూడెకరాలు. వాలు సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, ఒక తప్పు చేసి నేర్చుకున్నాను.

గురవయ్య నాకు చుట్టం కాదు. ఊరి వరసకు మామ. వయసులో ఉన్నప్పుడు బావులు తవ్వేవాడు. మా ఊరి బావుల్లో సగానికి పైగా ఆయన గునపం దిగినవే. ఎడమ చేతికి చిటికెన వేలూ దాని పక్క వేలూ ఉండవు. బావిలో రాయి పేల్చేటప్పుడు మందు ముందుగా అంటుకుని పోయాయి. బోరు బండ్లు వచ్చాక బావులు తవ్వించేవాళ్లు లేకుండా పోయారు. అప్పుడు టెంకాయ పట్టుకున్నాడు. పీచు తీసిన కాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని చేనంతా నడిచేవాడు. నేల కింద నీళ్లున్న చోట కాయ దానంతటదే లేచి నిలబడుతుందని మా వైపు నమ్మకం. చుట్టుపక్కల పల్లెల్లో ఆయన నడవని చేలో బోరు బండి దిగేది కాదు. చూసినందుకు ఆయన అడిగేది ఒక పూట రాగి సంగటి, నంజుకోను ఊరుబిండి పచ్చడి. తిన్నాక ఆ కాయను ఆ ఇంట్లోనే పగలగొట్టించేవాడు. ఒక చేలో నడిచిన కాయతో ఇంకో చేలో నడవకూడదనేవాడు.

టెంకాయకు నీళ్లు ఎట్లా తెలుస్తాయని చదువుకున్నవాళ్లు అడుగుతారు. నాకు తెలియదు. నేను గమనించింది ఏమిటంటే, ఆయన కాయకన్నా ముందు నేలను చూసేవాడు. ఎండాకాలంలో ఏ గెనిమ గట్టు మీద కసువు, అంటే గడ్డి, పచ్చగా ఉంది, ఏ కానుగ మాను చిగురు ముందు వేసింది, పొద్దున్నే మంచు ఎక్కడ ఆలస్యంగా ఆరింది, అన్నీ ఆయనకు కావాలి. చేలోకి వచ్చిన మనిషి మొదట చెప్పులు విడిచేవాడు. కాయ చేతిలో ఉన్నా చూపు మాత్రం పాదాల మీదే ఉండేది.

మా అత్తగారు పోయాక చేను నా చేతికి వచ్చింది. మా ఆయన డెయిరీ పాలవ్యాను నడిపేవాడు. తెల్లవారక ముందే పోతే మధ్యాహ్నానికి గానీ వచ్చేవాడు కాదు. దుక్కి నుంచి కోత దాకా నేనే చూసుకునేదాన్ని. వానలు నమ్ముకుని వేరుశనగ వేసి రెండేళ్లు వరసగా పోగొట్టుకున్నాక, నేనూ బోరు వేయిద్దామనుకున్నాను. అప్పటికే ఊళ్లో పెద్ద రైతు చెంగల్రాయుడికి రెండు బోర్లు ఉన్నాయి. ఆ రెండు చోట్లూ గురవయ్య మామ చూపినవే. నాకూ చూపమని అడిగితే రెండు నెలలు ఇదిగో అదిగో అని తప్పించుకున్నాడు. ఆఖరికి ఒక బుధవారం పొద్దున వచ్చాడు. ఆయన వస్తే చూడడానికి నలుగురూ చేరడం మామూలే. ఆ రోజు ఇరవై మంది దాకా చేరారు.

"కాయ నువ్వే తెచ్చినావా కోడలా?" అన్నాడు.

"నేనే తెచ్చినా మామా. ఊపి చూసి తెచ్చినా."

చెప్పులు విడిచి పడమటి గెనిమ నుంచి మొదలుపెట్టాడు. కాయ కదలలేదు. నడుమ కదలలేదు. ఈశాన్యం మూలలో కానుగ మాను కిందికి వచ్చాడు. నేను ఆయనకు మూరెడు దూరంలో ఉన్నాను. కాయ కదిలింది. నిద్ర లేచిన బిడ్డ తల ఎత్తినట్టు ఒక కొన పైకి లేచింది. అంతలో ఆయన బొటనవేలు కాయ మీదికి వచ్చి దాన్ని మెల్లగా కిందికి నొక్కింది. కాయ మళ్లీ పడుకుంది. ఆయన నా ముఖం చూడకుండా, "ఈడ నీళ్లు లేవమ్మా," అన్నాడు. చెప్పులు వేసుకున్నాడు.

దూరంగా ఉన్నవాళ్లకు ఆ వేలు కనపడలేదు. నాకు కనపడింది. నేను నోరు తెరిచేలోపే చెంగల్రాయుడు అందుకున్నాడు. "పో సుగుణా, ఇంటికి పోయి ఆవుల్ని సూసుకో పో. ఆడదానికి బోరెందుకు? బిందె సాల్దా?"

అందరూ నవ్వారు. నవ్విన వాళ్ల పేర్లన్నీ ఇప్పటికీ వరసగా చెప్పగలను. వాళ్లలో ఇద్దరు పోయారు. వాళ్ల పేర్లూ చెప్పగలను. గురవయ్య మామ నవ్వలేదు. అట్లాగని నవ్వేవాళ్లను గమ్మునుండమనీ అనలేదు. సంగటికి కూడా ఆగకుండా పోయాడు. ఆ కాయ పగలకుండా నా చేతిలోనే మిగిలింది.

ఊరి పెద్దల దగ్గర చెప్పుకుంటే నాకు కండ్లు సరిగా లేవన్నారు. మండలాఫీసుకు పోయి అర్జీ రాసి ఇచ్చాను. అది నా మొదటి అర్జీ. అక్కడి అధికారి చదివి కళ్లజోడు తీశాడు.

"టెంకాయ నిలబడలేదని అర్జీ పెడతారా అమ్మా ఎవరైనా?"

"నిలబడింది సార్. ఆయన పడుకోబెట్టినాడు. అదే నా ఫిర్యాదు."

పక్క బల్ల గుమాస్తా నీళ్లు తాగుతూ పొలమారాడు. ఆ అర్జీ ఏమైందో ఇప్పటికీ జవాబు రాలేదు.

పదిహేను రోజుల తర్వాత కానుగ మాను కిందికి బోరు బండిని తెప్పించాను. మా ఆయన వద్దంటూనే ఉన్నాడు. బండివాళ్లు కూడా, "ఎవరు చూసినారమ్మా ఈ చోటు?" అని అడిగారు. "నేనే చూసినా," అన్నాను. తెల్లటి రాతిపొడి లేచి మాను ఆకులన్నీ పిండి చల్లినట్టయ్యాయి. మధ్యాహ్నం దాకా దుమ్మే. రెండు వందల అడుగులు దాటాక పొడి తడిసింది. ఇంకొంచెం దిగేసరికి నీళ్లు బండి తల దాటి ఎగిరాయి. నేను తడిసి ముద్దయి, ఇంటికి పోకుండా, ఒక చెంబు కడిగి ఆ నీళ్లు నింపుకుని ఊరి నడివీధిలో నడుచుకుంటూ గురవయ్య మామ ఇంటికి పోయాను. వెనక జనం వస్తున్నారు. రావాలనే కదా ఆ దారిన పోయింది.

"తాగు మామా. నా చేలో లేని నీళ్లు," అన్నాను.

ఆయన రెండు చేతులతో చెంబు పట్టుకుని, మూడు వేళ్ల చెయ్యి కింద ఆనించి, చివరి గుక్క దాకా తాగాడు. మూతి తుడుచుకుని, "తియ్యగుండాయి," అన్నాడు. తర్వాత, "ఈ నీళ్లు నాకు తెలుసు," అన్నాడు. ఓడిపోయిన మనిషి ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడనుకున్నాను. నేను తిరిగి వస్తుంటే వెనక నుంచి, "సెరుకు మాత్రం పెట్టబాక కోడలా," అన్నాడు. ఆ మాటతో చెరుకే పెట్టాలని నిశ్చయమైంది.

రెండెకరాలు చెరుకు పెట్టాను. గాలి వీస్తే మా చేను చప్పుడు ఊళ్లోకి వినపడేది. ఆ చప్పుడు చెంగల్రాయుడి ఇంటి అరుగు మీదికి కూడా వినపడుతుందని నాకు సంతోషం. కరెంటు ఉన్నంతసేపూ మోటరు ఆడేది. మొదటి ఏడు పంట బాగా వచ్చింది. రెండో ఏడు ఎండాకాలంలో ఒక పొద్దున మునెమ్మ అవ్వ ఉత్త గంపతో మా వీధిలో పోతోంది. అప్పటికే ఆమెకు డెబ్బై ఏళ్లు. మొగుడూ బిడ్డలూ లేరు. బావి పక్కన అరెకరం మడిలో తోటకూర, గోంగూర, చిర్రాకు వేసి ఊళ్లో తిప్పేది. పైగా పంచాయతీ కొళాయి రాని రోజు కింది వీధి వాళ్లంతా ఆ బావి నీళ్లే తాగేవాళ్లు.

"ఏం అవ్వా, ఆకు తేలేదా?" అని అడిగాను.

"బాయి అడుగంటింది మే. మడి ఎండిపాయె," అంది. అంతే. ఎవరినీ ఏమీ అనలేదు. గంప ఎందుకు తెచ్చిందో అప్పుడు అర్థం కాలేదు. ఏళ్ల తరబడి ఆ వేళకు ఆ గంప ఎత్తుకుని ఆ వీధిలో తిరిగిన మనిషి. ఆకు లేకపోయినా కాళ్లు ఆగలేదు.

ఆ సాయంత్రమే గురవయ్య మామ మా చేలోకి వచ్చాడు. బోరు పడ్డాక రావడం అదే మొదలు. మోటరు దగ్గర నిలబడి, "పది దినాలు ఆపు కోడలా దీన్ని," అన్నాడు.

"ఎందుకాపాల?"

"మునెమ్మ బాయికి ఊట వచ్చేది ఈ పక్క నుంచే. ఆ బాయి తవ్వింది నేను. ఉత్తరం గోడలో, మూడు నిలువుల లోతున, రాయి సీలికలో నుంచి దూకింది ఊట. అది ఈ కానుగ మాను కింది నుంచి పోతాది. నువ్వు ఈడ పైన తాగితే ఆడ కిందికి పోదు."

"చెంగల్రాయుడి బోర్లు తాగలేదా? వాళ్లకు చూపినావే!"

నాకు పాత మంట లేచింది. "అప్పుడు కాయ నొక్కినావు. ఇప్పుడు నా మోటరు నొక్కమంటావా? నీకు నొక్కే పని తప్ప ఇంకోటి రాదా మామా?" అన్నాను. ఇతరులు నన్నన్న మాటలే కాదు, నేనన్న మాటలూ నాకు గుర్తుంటాయి. ఆ మాట అన్నప్పుడు ఆయన తన ఎడమ చేతిని పంచె మడతలోకి దాచుకున్నాడు. నేను దాని గురించి అనలేదు. అయినా దాచుకున్నాడు.

మరునాడు పొద్దున ఆయన ఒక చిప్పలో సున్నం కలుపుకుని బావిలోకి దిగడం మా చేలో నుంచి చూశాను. అడుగున మిగిలిన మోకాటి లోతు నీళ్లకు సరిగ్గా పైన, గోడ రాయి మీద, తెల్లగా ఒక గీత గీసి పైకి వచ్చాడని తర్వాత పోయి తొంగి చూస్తే తెలిసింది. ఆయన మాత్రం ఎవరికీ ఏమీ చెప్పకుండా ఇంటికి పోయాడు.

ఆ గీత నన్ను నిద్రపోనివ్వలేదు. ఆయన తప్పని తేల్చాలంటే దారి ఒక్కటే ఉంది. మోటరు కాలిపోయిందని ఊళ్లో చెప్పి, స్టార్టరు కట్టేసి, రోజూ తెల్లవారుతూనే బిందె పట్టుకుని బావికి పోవడం మొదలుపెట్టాను. మొదటి రోజు గీత ఉన్నచోటే నీళ్లు. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. లోపల్లోపల సంతోషించాను. ఊరంతటికీ వినపడేలా ఏం చెప్పాలో కూడా మాటలు కూర్చుకున్నాను. నాలుగో రోజు గీత కింది అంచు తడిసింది. ఐదో రోజు గీత సగం మునిగింది. అది మబ్బు పట్టని ఎండాకాలం. పైన మా చేలో చెరుకు ఆకులు మధ్యాహ్నానికల్లా చుట్టుకుపోతున్నాయి. స్టార్టరు మీద చెయ్యి పెట్టి తీసేసిన సందర్భాలు ఎన్నో. ఏడో రోజుకు గీత కనపడలేదు. నీళ్లు ఒక మెట్టు ఎక్కి ఉన్నాయి.

నేను ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను. పైనుంచి మునెమ్మ అవ్వ గొంతు వినపడింది.

"ఏం మే, ఈ నడుమ దినామూ వస్తాండావే. మీ ఇంట్లో నీళ్లు లేవా?"

"మోటరు కాలిపోయింది గదవ్వా."

"అవునంట. బిన్నా, ఆలస్యం సేయకుండా బాగు సేయించుకో తల్లీ. సెరుకు ఎండిపోతా ఉండాది. ఆ పక్క నుంచి వస్తా సూసినా, పానం ఉసూరుమన్యె."

ఆమెకు సంగతి తెలిసి అన్నదో తెలియక అన్నదో నేను ఏనాడూ అడగలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. తిట్టినవాళ్లతో ఎట్లా ఉండాలో నాకు బాగా తెలుసు. తన మడి ఎండిపోయిన మనిషి నా చెరుకు కోసం బాధపడితే ఏం చెయ్యాలో నాకు ఎవరూ నేర్పలేదు. ఖాళీ బిందెతోనే పైకి ఎక్కాను.

నేరుగా గురవయ్య మామ ఇంటికి పోయాను. పంచలో కూర్చుని పలుపు తాడు పేనుతున్నాడు.

"గీత మునిగింది," అన్నాను.

"సూసినా," అన్నాడు. ఆయన కూడా రోజూ వస్తున్నాడన్నమాట, నేను వచ్చిపోయాక.

"ఈ మాట ఆ పొద్దే ఎందుకు చెప్పలేదు? కానుగ కింద నీళ్లుండాయి, అవి మునెమ్మ అవ్వ బావి నీళ్లు, తీయబాకు అని నోటితో చెప్పుంటే సరిపోయేది గదా. ఇరవై మందిలో నన్ను నవ్వులపాలు చేస్తివే!"

పేనుతున్న తాడు ఆపాడు. "సెంగల్రాయుడికి నోటితోనే సెప్పినా కోడలా. పైన రెండు బోర్లు ఏస్తే కింది బాయిలు నిలవవని సెప్పినా. నీళ్లు యాడుండాయో సూపు, ఎవురివో సెప్పబాక అన్యాడు. గమ్మున సూపించి వచ్చినా. నీ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఆ మాట సెప్పే ధైర్యం లేకపాయె. ఏలు పెట్టి నొక్కినా. వాళ్లు నిన్ను ఎగతాళి సేస్తాంటే కూడా నోరు రాలేదు. బాయిలో మందు పేలినప్పుడు కూడా అంత బయపడలేదు నేను." తాడు పక్కన పెట్టి, "గొడవ పడాల్సిన సోట అబద్ధం సెప్పినా. తప్పు నాదే," అన్నాడు.

ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. నేను వదలలేదు. "అంతమందిలో అన్నావు. అంతమందిలోనే చెప్పాల," అన్నాను. ఆయన నా వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. ముందటి పళ్లు రెండు లేవు. "ఈ నోరు నాకుండుంటే ఈ ఊళ్లో అన్ని బాయిలూ నిండుగుండేవి," అన్నాడు.

మా ఊళ్లో అందరూ ఒక్కచోట దొరికేది పొద్దున పాలసెంటరు దగ్గర. క్యాన్లు పట్టుకుని వరసలో ఉంటారు, పాలు కొలిచేదాకా కదలలేరు. మరునాడు ఆయన అక్కడికి వచ్చి, అరుగెక్కి, "సుగుణ సేన్లో నీళ్లు లేవని ఆ పొద్దు అబద్ధం సెప్పినా. కాయ లేసింది. నేనే నొక్కినా," అన్నాడు.

"ఎందుకు నొక్కినావబ్బా?" అన్నాడు చెంగల్రాయుడు, తమాషాగా.

"నీ సేన్లో నొక్కలేక."

ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు నా వంతని ఆయన నన్ను చూడలేదు, చెయ్యి చూపలేదు. అరుగు దిగి పక్కకు నిలబడ్డాడంతే. మోటరు కాలిపోలేదని నేను చెప్పాను. ఎన్ని రోజులు ఆపానో, నీళ్లు ఎంత ఎక్కాయో చెప్పాను. ఉన్న చెరుకు ఆవులకు కోసి వేస్తానని, ఇకమీదట బావిలో సున్నపు గీత బయటపడిన రోజు నా మోటరు ఆడదని చెప్పాను. "మీ మోటర్ల సంగతి కూడా ఈ రోజే తేలాల," అన్నాను. ఒకేసారి పదిమంది అరిచారు. నేను కూడా అరిచాను. నా క్యానులో పాలు విరిగిపోయేదాకా అరిచాను. ఆ రోజు ఒప్పుకున్నవాళ్లు నలుగురు. గీత నియమం మొత్తం వాలుకు పాకడానికి ఆరేళ్లు పట్టింది.

ఆ ఆరేళ్లూ ఆయనే నాకు బడి. వేరుశనగ సాళ్ల మధ్య అనప, కంది ఎట్లా పెట్టాలో, ఒక పంట పోయినా ఇంకోటి ఎట్లా నిలుస్తుందో చూపించాడు. వాలుకు అడ్డంగా గెనిమలు ఎక్కడ వేస్తే వాన నీళ్లు నడవడం మాని నేలలోకి దిగుతాయో చెప్పులు విడిచి నడిచి చెప్పాడు. కానుగ కొమ్మ కొట్టి ఎరువుగా రాగి మడిలో తొక్కించాడు. గుట్ట నుంచి కుంటకు వచ్చే కాలువను చెంగల్రాయుడు పూడ్చి మామిడితోటలో కలుపుకున్నాడు. దాన్ని తెరిపించడానికి నేను అర్జీలు పెట్టడం మొదలుపెడితే, ప్రతి సోమవారం ఆయన నాతో చిత్తూరు బస్సెక్కేవాడు. సద్దిగిన్నె నాది, అర్జీ నాది, సాక్ష్యం ఆయనది.

"కాలువ ఉండేదనడానికి ఆధారం ఏమిటి?" అని ఒకసారి ఒక అధికారి అడిగాడు.

"ఈయన దాంట్లో ఈత నేర్చుకున్నాడు సార్," అన్నాను.

"అది ఆధారం కాదమ్మా."

"అయితే మీరొచ్చి వాన దినం నిలబడండి సార్. పాత కాలువ యాడుందో నీళ్లే వచ్చి మీకు సూపిస్తాయి," అన్నాడు గురవయ్య మామ. ఆ అధికారి వచ్చాడో లేదో అడక్కండి. ఆయన తర్వాత ఆ సీట్లోకి వచ్చినాయన వచ్చాడు. మోకాటి లోతు బురదలో నిలబడి చూసి, సర్వేయరును పంపించాడు. కాలువ తెరుచుకుంది. కుంటలో పూడిక తీసి ఆ మట్టి మా చేలకే తోలుకున్నాం. కాలువ తెరిపించే కాగితం చేతికి వచ్చిన రోజు బస్సులో మామ నాతో ఒక మాట అన్నాడు. "నీకు మతిమరుపు లేదు కోడలా. నీళ్లకూ లేదు. అందుకే మీ ఇద్దరికీ కుదిరింది."

మూడేళ్ల కిందట ఆయన మంచాన పడ్డాడు. చూడడానికి పోతే పక్కన కూర్చోమన్నాడు. ఆ మూడు వేళ్ల చెయ్యి నా చేతిలో పెట్టి, "నా మింద కోపం పోయిందా?" అని అడిగాడు. ఆ స్థితిలో ఉన్న మనిషికి అబద్ధమైనా చెప్పాలని ఎవరైనా అంటారు. నాకు నోరు రాలేదు.

"లేదు మామా," అన్నాను.

"మంచిది," అన్నాడు. "పోగొట్టుకోబాక. నువ్వు మర్సిపోతే మళ్లా ఎవురో నొక్కుతారు."

ఇప్పుడు మొదట చెప్పిన టెంకాయ సంగతి. చెంగల్రాయుడి బోర్లు రెండూ ఏనాడో ఎండిపోయాయి. ఇప్పుడు వ్యవసాయం ఆయన కొడుకు ప్రసాదుది. మామిడి తీసేసి కొత్త మొక్కలు పెట్టాడు. తోటలో ఇంకో బోరు వేస్తానని, గురవయ్య దగ్గర నేర్చుకున్నదాన్ని కాబట్టి చోటు నన్నే చూపమని అడిగాడు. ఆ కాయ అందుకే కొన్నాను. తిరుపతి నుంచి వచ్చిన మరునాడు పొద్దున వాడి తోటకు పోయాను. పదిమంది చేరారు. పెద్దాయన చెంగల్రాయుడు కూడా కట్టె పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

చెప్పులు విడిచాను. కాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకున్నాను. బొటనవేలును కాయకు దూరంగా, గాలిలోకి ఎత్తి పట్టుకున్నాను. తోటంతా నడిచాను.

"లేచిందా అత్తా?" అన్నాడు ప్రసాదు.

"లేదురా. నా చేతిలో ఏనాడూ లేవలేదు. కానీ ఈ మూల నీళ్లుండాయి. కసువు చూస్తే తెలుస్తాది. అవి కుంటలో నుంచి దిగి మునెమ్మ అవ్వ బావికి పోయే నీళ్లు. ఈడ బోరు వేస్తే రెండేళ్లలో కింద గీత బయటపడుతుంది. గీత బయటపడితే నీది, నాది, అందరి మోటర్లూ ఆగాల. కాబట్టి వేయబాకు."

వాడి ముఖం ఎర్రబడింది. "చోటు చూపమంటే నీతులు చెబుతావా? కాయ పట్టను కూడా రాదు, నిన్ను పిలవడం నాదే బుద్ధి తక్కువ!" అన్నాడు.

ఆ మాట కూడా నాకు గుర్తుంటుంది. "ఇంకొకరిని పిలుచుకో. ఆ వచ్చినాయన బొటనవేలు దగ్గర నేను నిలబడతా," అన్నాను. "మొక్కలకు నీళ్లు కావాలంటే నా బోరు నుంచి పైపు వేసుకో. వారానికి రెండు తడులు ఇస్తా. గీత నియమం నీకూ ఉంటుంది." చెంగల్రాయుడు నేలకేసి చూస్తూ కట్టెతో ఒక మట్టిపెళ్లను పొడుస్తున్నాడు. బిందె మాట ఆయనకు గుర్తుందో లేదో. నాకు గుర్తుందని మాత్రం ఆయనకు తెలుసు.

కాయను వాళ్ల ఇంటికే తీసుకుపోయి గడప మీద పగలగొట్టాను. సంగటి ఎవరూ పెట్టలేదు. అది కూడా రాసి పెట్టుకున్నాను.

నిన్న పొద్దున నీళ్లకు పోతే బావిలో ఎవరో దిగి ఉన్నారు. ప్రసాదు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, నీళ్ల అంచు మెట్టు మీద కూర్చుని, చెయ్యి నీళ్లలోకి పెట్టి గోడ తడుముతున్నాడు. మునెమ్మ అవ్వ ఇప్పుడు లేదు. ఆమె మడి కింది వీధి ఆడవాళ్లు చేసుకుంటున్నారు. తోటకూర మోకాలెత్తు ఉంది. వాడు నన్ను చూసి లేవలేదు.

"అత్తా, గీత యాడుండాది? కనపడలేదే."

"ఇంకో మూడు మెట్ల కింద ఉండాది. కనపడకూడదు గదా," అన్నాను.

వాడు ఇంకొంచెం వంగి, భుజం దాకా చెయ్యి ముంచాడు. తల ఎత్తకుండానే, "నీ బోరు కాడికి పైపు ఎన్ని అడుగులు పడతాది?" అని అడిగాడు.

నేను బిందె ముంచుకుని చెప్పాను.